రికార్డుకెక్కని రెండోసారి

మైకు పట్టుకుని బతికినవాణ్ణి నేను. వేలూరులో ఒక కాలేజీ హాల్లో సౌండు చూసుకోవడం నా ఉద్యోగం. రిటైరై తొరపాడిలో కూర్చున్నాక, ఇప్పుడు ఆ పనిలో ఉన్న పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికి వస్తుంటారు. “అన్నా, నీ సర్వీసులో గొప్ప ప్రోగ్రాం ఏది?” అని అడుగుతారు. సినిమావాళ్ళు వచ్చిన రోజు గురించి చెబుతానని వాళ్ళ ఆశ. నేను చెప్పేది మైకు వద్దన్న కచేరీ గురించి. ముసలాయనకు మతి చెడిందని మొహాలు చూసుకుంటారు. చూసుకోనీ. మీరైనా కాసేపు కూర్చుని వినండి.

మాది గుడియాత్తం. ఇళ్ళు కట్టే కుటుంబం. నాన్న, చిన్నాన్నలు, అన్న అందరూ మేస్త్రీలే. నాకు మాత్రం గోడ పక్కన కర్రలతో కట్టిన సారం ఎక్కితే కళ్ళు తిరిగేవి. కిందికి చూస్తే చేతిలో తాపీ జారిపోయేది. “వీడు గోడ కట్టేదానికి పనికిరాడు, గోడకు ఆనుకునేదానికే పనికొస్తాడు” అని నాన్న తిట్టేవాడు. అప్పుడు మా అక్క మొగుడు నన్ను తన మైకు సెట్టు అంగడికి తీసుకుపోయాడు. పని నేర్పినవాడు బావే. ఆయన నేర్పింది ఒకటే సూత్రం.

“మైకు సెట్టోడి మర్యాద యాడుండాది? ఆఖరి వరసలో ఉండాది. ఆడ కూర్చున్న ముసిల్దానికి ఇనపడల్యా, మనం తిన్న కూడు దండగ.”

బావకు పాటంటే ప్రాణం. పొన్నై దిక్కు పల్లెల్లో భారతం ఆడించేటప్పుడు సెట్టు మాదే. వేషగాడు పద్యం అందుకుని రాగం తీసి నిలబెట్టాడంటే జనంలోంచి “వన్స్ మోర్!” అని మొదటి కేక మా బావదే. మైకు సెట్టువాడు అరవకూడదు కదా అంటే వినడు. ఆ కేక పడిందంటే వేషగాడు కథ ఎక్కడున్నా సరే ఆపి, పద్యం మళ్ళీ మొదటినుంచి పాడి తీరాలి. అది అక్కడి ఆచారం. చచ్చి పడి ఉన్నవాడు కూడా లేచి పాడి మళ్ళీ పడుకున్న రోజులు నేను చూశాను. ఎవరూ అడగకపోతే మాత్రం ఆ వేషగాడు అలిగి మరునాడు సద్ది కూడా తినేవాడు కాదు.

అలాంటి చోట నుంచి వచ్చి కాలేజీ హాల్లో పడ్డాను. అక్కడ పిల్లలకు కోయిర్, అంటే గుంపుగా పాడే పాట, నేర్పే మేడం ఒకావిడ ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. సంగీతం, పిల్లలు, ఒక పాత పియానో, అంతే ఆవిడ సంసారం. చిత్తూరు దిక్కు మనిషి కాబట్టి నాతో తెలుగే మాట్లాడేది. నేను బడిలో చదివింది అరవం. తెలుగు నోటికి వచ్చు గానీ కంటికి రాదు. హాల్లో పని లేని మధ్యాహ్నాల్లో ఆవిడే నాకు అక్షరాలు దిద్దించింది. ఈ రాస్తున్నది ఆవిడ పెట్టిన భిక్ష.

కోయిర్ పిల్లలు వెళ్ళిపోయాక మేడం రోజూ ఒక పని చేసేది. తన సంచిలోంచి సీడీ ఒకటి తీసి నా చేతికిచ్చి, హాలు స్పీకర్లలో వేయమనేది. ఖాళీ కుర్చీల మధ్య ఎక్కడో ఒకచోట కూర్చుని కళ్ళు మూసుకునేది. అన్ని సీడీల్లోనూ పాడేది ఒకడే మనిషి. విదేశపు గాయకుడు. మగవాళ్ళ గొంతుల్లో అన్నిటికన్నా పైకి పోయేదాన్ని వాళ్ళు టెనర్ అంటారట. ఒపెరా అంటే వాళ్ళ నాటకం, మాటలు కూడా పాటగానే చెప్పుకుంటారు. మన నాటకంలో పద్యం ఉన్నట్టు వాళ్ళకు ఆరియా ఉంటుంది. కథ కాసేపు ఆగి, ఒక మనిషి తన కడుపులో ఉన్నదంతా కక్కేస్తాడు. నాకు ఇంతే అర్థమైంది. ఇంతకన్నా అక్కర్లేదని మేడం కూడా అంది.

మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఈ అరుపేమిటి, ఎవరు కొట్టారు ఈయన్ని అనుకునేవాణ్ణి. రోజూ వినగా వినగా ఏమైందో తెలియదు, ఒక ఆరియా కోసం నేనే ఎదురుచూడడం మొదలుపెట్టాను. ఊరు వదిలి పోతున్న ఒకడు పడవలో కూర్చుని, గట్టు మీద నిలబడిన మనిషిని చూస్తూ పాడేది. దాని చివర ఒక మాట ఉంటుంది. ఆ మాట దగ్గర గొంతు నిచ్చెన ఎక్కినట్టు పైకి పోయి, అక్కడ నిలబడి, హాలంతా నింపేసేది.

“ఏమంటాడమ్మా ఆడ?” అని ఒకరోజు అడిగాను.

“ఇంకాసేపు గట్టు మీదే నిలబడు, నీ మొగం ఇంకా కనిపిస్తా ఉండాది అంటాడప్పా” అంది మేడం.

అది విన్నాక ఆ పాట నన్ను వదల్లేదు.

మేడం వయసులో ఉన్నప్పుడు సంగీతం చదువుకోవడానికి పై దేశం పోయి కొన్నాళ్ళు ఉంది. అక్కడ ఈయన పాడే నాటకానికి టికెట్టు సంపాదించింది. తీరా ఆ రోజు ఆయనకు గొంతు బాగాలేదని వేరేవాడు పాడాడు. తరవాత ఈవిడ ఇంటికి తిరిగి వచ్చేసింది. మళ్ళీ పోలేదు. “ఒక్కతూరి ఎదురుగా ఇనాలనుండె అప్పా” అని ఎన్నిసార్లు అందో లెక్కలేదు. మళ్ళీ తనే, “రికార్డుండాది కదా, చాల్లే” అనేది. ఆ చాల్లే అనడంలోనే చాలలేదని తెలిసిపోయేది.

తరవాత తరవాత ఆవిడ చెవులు మందగించాయి. చెవికి మిషను పెట్టుకుంది. దాంతో మాటలు బాగానే వినపడేవి గానీ, ఒక్కోసారి చెయ్యి దగ్గరికి పోతే ఆ మిషను కుయ్యిమని కూత పెట్టేది. పిల్లలు నోరు మూసుకుని నవ్వేవాళ్ళు. చెవులు వినపడని మనిషికి కోయిర్ ఎందుకని కాలేజీలో కొందరు గొణగడం కూడా మొదలైంది. ఆవిడకు ఆ సంగతి తెలుసు. తెలియనట్టు ఉండేది. సీడీలు వినడం మాత్రం తగ్గించింది. “మిషన్లో వింటే ఆయప్ప గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుండాదప్పా” అని బాధపడింది.

వేలూరుకు పాట పాడడానికి ఎవరూ రారు. వైద్యానికి వస్తారు. ఆ టెనర్ కూడా అలాగే వచ్చాడు. భార్యకు ఏదో జబ్బు. అప్పటికి ఆయన స్టేజీ మానేసి చాలా కాలమైంది. జుట్టంతా తెల్లబడిన పొడుగాటి మనిషి, ఎండకు ఎర్రగా కంది, మందుల సంచీ పట్టుకుని అందరిలాగే తిరుగుతున్నాడు. మా కోయిర్‌కు పియానో వాయించే డాక్టరమ్మ ఒకావిడ ఆయన్ని గుర్తుపట్టి మేడంకు చెప్పింది. మేడం ఆ రోజు పాఠం సగంలో ఆపేసింది. మరునాడు నన్ను తోడు తీసుకుని ఆయన ఉన్న లాడ్జికి వెళ్ళింది.

వాళ్ళిద్దరూ ఇంగ్లీషులో ఏమేమో మాట్లాడుకున్నారు. నాకు సగం తెలిసింది, మిగతా సగం తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మేడం చెప్పింది. మీ రికార్డులన్నీ నా దగ్గర ఉన్నాయి, మా హాల్లో ఒక్కసారి పాడండి అంటే ఆయన నవ్వాడు. “రికార్డులో ఉన్నవాడు నాకన్నా చాలా బాగా పాడతాడు. వాడి కోసం వస్తే మాత్రం నిరాశ పడతారు. వాడు రాలేదు, నేనే వచ్చాను” అన్నాడట. కానీ భార్య పక్కనుంచి ఏదో అనగానే ఒప్పుకున్నాడు. ఒక సాయంత్రం, కొన్ని ఆరియాలు, పియానో ఒక్కటే. షరతు మాత్రం పెట్టాడు. మైకు వద్దు.

నాకు చురుక్కుమంది. ఇన్నేళ్ళ సర్వీసులో నన్ను వద్దన్నవాడు ఎవడూ లేడు! మరీ బతిమాలితే, రికార్డింగు కోసం ఒక చిన్న మైకు పూలకుండీ పక్కన పెట్టుకోమన్నాడు. అది స్పీకర్లలోకి పోకూడదన్నాడు.

సరిగ్గా అప్పుడే మా హాలు మిక్సరు, అంటే మైకుల శబ్దాలన్నీ కలిపి స్పీకర్లకు పంపే పెట్టె, రిపేరుకు పోయింది. స్వాగతాలూ ఉపన్యాసాలూ ఉంటాయి కదా, వాటి కోసం గుడియాత్తం బావను అడిగాను. సెట్టు పంపిస్తే చాలన్నాను. బావ సెట్టుతోపాటు తానూ బస్సు దిగాడు. తన మిక్సరును ఇంకొకడి చేతిలో పెట్టే మనిషి కాదు ఆయన. సంగతి చెబితే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు.

“మైకు ల్యాకుండా పాడతాడా? ఈ హాల్లోనా? ఆయప్పకేమన్నా పిచ్చా, నీకు పిచ్చా?”

“వాళ్ళ పద్ధతే అంత బావా. ఒట్టి గొంతుతోనే పాడతారు.”

“ఆఖరి వరసకు ఇనపడకపోతే రేపు ఏమంటారు? ఆ గుడియాత్తమోడి సెట్టు బాగల్యా అంటారు. నా పేరు పోతాది కదప్పా!”

“నువ్వేం చెయ్యొద్దు. కూర్చో చాలు.”

“సరి, కూర్చుంటా” అన్నాడు. బావ ఎప్పుడైనా అంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే భయపడాలి. ఆ పనుల హడావుడిలో నేను భయపడడం మరిచాను.

ఇక అసలు సంగతి. మేడం ఎక్కడ కూర్చోవాలి? మొదటి వరసలో కూర్చున్నా మైకు లేని గొంతు ఆవిడకు అందదు. హెడ్‌ఫోన్ తగిలిస్తాను, రికార్డింగు మైకు నేరుగా మీ చెవికే వస్తుంది అన్నాను. గట్టిగా తల అడ్డంగా ఊపింది.

“ఇన్నేండ్లూ వైర్లోనే ఇన్నాను కదప్పా. ఆ రోజు కూడా వైరేనా?”

ఆవిడే దారి కనిపెట్టింది. పియానో వాయించేవాళ్ళ పక్కన ఒకరు కూర్చుని స్వరాల పుస్తకంలో పేజీలు తిప్పుతారు. వాయించే చేతులు ఖాళీగా ఉండవు కదా. ఆ పని నేను చేస్తానంది. అక్కడ కూర్చుంటే గాయకుడు చెయ్యి చాపితే అందేంత దూరం. డాక్టరమ్మ ఇబ్బందిగా నవ్వింది. పియానో సరిగ్గా వినపడకపోతే పేజీ తప్పుతుంది, తప్పితే పాట ఆగుతుంది, కాలేజీ అంతా చూస్తుంది. “నాకు కండ్లుండాయి కదమ్మా. నువ్వు తల ఊపు, నేను తిప్పుతా” అంది మేడం. డాక్టరమ్మ తన పక్కన స్టూలు వేయించింది. గొణిగేవాళ్ళంతా ఆ రోజు ముందు వరసల్లోనే కూర్చుంటారు. ఒక్క పేజీ తప్పిందంటే ఆవిడ కోయిర్ అంతటితో సరి.

మే నెల. వేలూరు ఎండ గురించి మీకు నేను చెప్పాలా? సాయంత్రమైనా గోడలు సెగలు కక్కుతున్నాయి. అంత ఎండలో నేను హాలు ఫ్యాన్లన్నీ ఆపేశాను. ఫ్యాన్ల హోరు మీద ఒట్టి గొంతు వినపడదు. జనం గోల గోల. ప్రోగ్రాం కాగితాలతో విసురుకుంటూ నన్ను చూసి తిట్టుకున్నారు. ఎవరో స్విచ్చుల దగ్గరికి వస్తే అడ్డంగా నిలబడ్డాను. ఆ సాయంత్రం నా ఉద్యోగం అదే, స్విచ్చుబోర్డుకు కాపలా.

టెనర్ వచ్చి పియానో వంపులో నిలబడ్డాడు. మేడం నీలం చీర కట్టుకుని, డాక్టరమ్మ ఎడమ పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. పెళ్ళిపీటల మీద పెళ్ళికూతురు కూడా అంత నిటారుగా కూర్చోదు.

మొదటి ఆరియా మొదలైంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇదా ఆ గొంతు? సీడీలో హాలంతా నింపేసిన గొంతు ఇదా? ఇది చిన్నగా ఉంది. దుమ్ము పట్టినట్టుంది. పైకి పోవలసిన చోట కొంచెం కిందనే ఆగి తిరిగి వస్తోంది. ఊపిరి పీల్చుకోవడం వినపడుతోంది. బూటు కిర్రుమనడం వినపడుతోంది. సీడీలో ఆయనకు ఊపిరే ఉండేది కాదు. ఇన్నేళ్ళు ఎదురుచూసిన మనిషికి దేవుడు ఇదా ఇచ్చేది అనుకున్నాను. మేడం వైపు చూడడానికి భయమేసింది. ఆవిడ పేజీలు మాత్రం సరిగ్గా తిప్పుతోంది.

రెండోది పాడేటప్పటికి జనం విసురుకోవడం తగ్గించారు. అప్పుడు తెలిసింది నాకు, పెరగవలసింది ఆయన గొంతు కాదు, తగ్గవలసింది మా గోల అని. హాలు నిశ్శబ్దంలోకి దిగేకొద్దీ ఆ గొంతు దగ్గరికి వచ్చింది. సీడీలో గొంతు స్పీకర్లోంచి వచ్చేది. ఇది ఒక మనిషి లోపలినుంచి వస్తోంది. ముసలితనం కూడా దాంతోనే వస్తోంది, భార్య జబ్బు కూడా దాంతోనే వస్తోంది. బాగుందా అంటే సీడీయే బాగుంది. కానీ సీడీ విన్నప్పుడు నేనెప్పుడూ ఆ మనిషి ఆరోగ్యం గురించి బెంగ పడలేదు.

ఇంతలో చెవులు చిల్లులు పడేలా కుయ్యిమని కూత!

టెనర్ ఆపేశాడు. ముందు వరసల తలలన్నీ ఒక్కసారిగా మేడం వైపు తిరిగాయి. అందరికీ తెలిసిన కూతే కదా, ఆవిడ చెవి మిషనే అనుకున్నారు. పక్కపక్కవాళ్ళు మోచేతులతో పొడుచుకోవడం కనపడింది. ఆవిడ కూడా అదే అనుకుంది. మొహం నల్లబడింది. మెల్లగా చెవిలోంచి మిషను తీసి, రుమాల్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుంది. టెనర్ వైపు చూసి చేతులు జోడించింది.

ఆ కూత ఆవిడ మిషన్ది కాదు. నేను తిరిగి చూస్తే మిక్సరు దగ్గర బావ చెమటలు కక్కుతూ రికార్డింగు మైకు వైరు పీకి చేతిలో పట్టుకుని ఉన్నాడు. పరుగెత్తుకుపోయి పళ్ళు కొరికాను.

“ఏం పని బావా ఇది?”

“ఆఖరి వరసకు ఇనపడల్యాప్పా. పాపం ముసిలాయన కష్టపడతా ఉండాడు, రవ్వంత స్పీకర్లోకి తీసినా. రవ్వంతే!”

రవ్వంతే. ఆ రవ్వంతకు ఒక మనిషి నిండు సభలో చెవులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. నాకు బావను కొట్టాలనిపించింది. కానీ అప్పటికే పియానో మళ్ళీ మొదలైంది. పడవ పాట. ఆవిడ ఇన్నేళ్ళూ ఎదురుచూసిన పాట. వైరు మళ్ళీ పెట్టాలన్న ఆలోచనే నాకు రాలేదు.

ఇక మిషను లేదు. ఆవిడకున్నది కళ్ళు మాత్రమే. డాక్టరమ్మ తల ఊపింది, పేజీ తిరిగింది. మళ్ళీ ఊపింది, తిరిగింది. పాట ఆ చివరి మాట దగ్గరికి వచ్చింది. ముసలాయన ఏమనుకున్నాడో, ఆ సాయంత్రం మొదటిసారి ఉన్న బలమంతా తీసి సీడీలోలాగే పైకి వెళ్ళాడు. వెళ్ళి నిలబడ్డాడు!

డాక్టరమ్మ తల ఊపింది. పేజీ తిరగలేదు.

మళ్ళీ ఊపింది. తిరగలేదు. మేడం పుస్తకం చూడడం లేదు, డాక్టరమ్మను చూడడం లేదు. తల పైకెత్తి ఆయన్నే చూస్తోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, చిన్నపిల్లలు రంగులరాట్నం చూసినట్టు. ఆవిడకు వినపడుతోంది! మిషను లేకుండా, వైరు లేకుండా, వినపడుతోంది. చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది. పియానో తడబడింది. ఒకే స్వరం రెండుసార్లు వాయించి ఆగిపోయింది. గొంతు కూడా ఆగింది.

హాలు చచ్చినట్టయింది. మేడంకు అప్పుడు తెలిసింది. ఆవిడ చెయ్యి గబుక్కున పైకి లేచి, ఏ పేజీయో తెలియక గాల్లో ఆగిపోయింది. ముందు వరసలో ఎవరో పక్కవాళ్ళ చెవిలో ఏదో అన్నారు.

“వన్స్ మోర్!”

వెనకనుంచి, మిక్సరు దగ్గరనుంచి, పొన్నైలో భారతం జనం మీదుగా వేసిన అదే కేక. మా బావ. లేచి నిలబడి, వైరు ఇంకా చేతిలోనే పట్టుకుని, మళ్ళీ అరిచాడు. “వన్స్ మోర్!”

ఎవరో నవ్వారు. ఎవరో చప్పట్లు కొట్టారు. కాలేజీ కుర్రాళ్ళకు అవకాశం దొరికితే చాలు కదా, నాలుగు మూలల నుంచీ వన్స్ మోర్ మొదలైంది. పాట ఆగింది జనం కోసమే అన్నట్టయిపోయింది. టెనర్ హాలు చివరికి చూశాడు, బావను చూశాడు, పగలబడి నవ్వాడు. వాళ్ళ నాటకాల్లోనూ ఇదే ఆచారం ఉందని తరవాత మేడం చెప్పింది. ఆయన డాక్టరమ్మ వైపు వంగి ఏదో అన్నాడు. ఆ పేజీలోనే పై వరసనుంచి మళ్ళీ మొదలుపెట్టారు.

రెండోసారి ఆయన జనం వైపు తిరగలేదు. మేడం వైపు తిరిగాడు. ఆ మాట దగ్గర పైకి ఎగబాకలేదు. మెల్లగా, నిద్రపోతున్న మనిషి పక్కన నడిచినట్టు వెళ్ళి ఆ స్వరాన్ని ముట్టుకున్నాడు, ఊపిరి ఉన్నంతసేపు అక్కడ ఉన్నాడు, దిగాడు. ఇంకాసేపు గట్టు మీదే నిలబడు. ఆఖరి వరసలో నిలబడిన నాకు ప్రతి అక్షరం వినపడింది. చివర్లో డాక్టరమ్మ తల ఊపకముందే పేజీ తిరిగింది.

కచేరీ అయ్యాక, మేడం మిషను మళ్ళీ చెవికి పెట్టుకోగానే, దగ్గరికి పోయి మొదట ఆ సంగతే చెప్పాను. “అమ్మా, ఆ కూత మీ మిషన్ది కాదు. మా బావ చేసిన ఘనకార్యం.”

ఆవిడ నా ముందెన్నడూ నవ్వనంతగా నవ్వింది. “మీ బావకు దండం పెడతానప్పా. ఆయప్ప కూత పెట్టించకపోతే నేను మిషను తీస్తానా? మిషనుతో మొదటి రెండూ రేకు డబ్బానే. తీసినాకే మనిషి ఇనపడినాడు.”

“అంతా ఇనపడిందా అమ్మా?”

“అంతా ఎక్కడ? సగం.” కళ్ళు తుడుచుకుంది. “ఆ సగం చాలదని కాదు. ఇంత కాలం యాడుండానో అనిపిస్తా ఉండాది.”

మళ్ళీ తనే అడిగింది. “రెండోతూరిది నీ రికార్డింగులో బాగా వచ్చింటాది కదా?”

చెప్పక తప్పలేదు. కూత తరవాత వైరు పీకేశాం. పడవ పాట ఒక్క స్వరం కూడా ఎక్కలేదు. ఆవిడ పియానో మూత మూసి, దాని మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

“అయితే నువ్వు బాగా గుర్తు పెట్టుకోప్పా. నా చెవుల్ని నమ్మేదానికి ల్యా.”

అలాగేనన్నాను. ఎంత పెద్ద బరువో అప్పుడు తెలియలేదు. టెనర్ భార్యను తీసుకుని కొన్నాళ్ళకు వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. మేడం ఆ తరవాత ఏడాది తనంతట తానే కోయిర్ వదిలేసింది. గొణిగేవాళ్ళకు ఆ తృప్తి కూడా మిగల్చలేదు. పోయేటప్పుడు సీడీలన్నీ నాకిచ్చింది. అప్పుడప్పుడూ చూడడానికి వెళ్తే, మాటలు రాసి చూపించాల్సి వచ్చేది. ఆవిడే నేర్పిన అక్షరాలతో ఆవిడకే రాసేవాణ్ణి. “గుర్తుండాదా?” అని అడిగేది. “ఉండాదమ్మా” అని రాసేవాణ్ణి. ఇప్పుడు ఆవిడ లేదు.

బావను అడిగాను, ఒకసారి కాదు, పదిసార్లు. “ఆయమ్మను కాపాడేదానికే కదా అరిచినావు?”

“ఆయమ్మ ఏమైందో నాకేం తెలుసప్పా? బాగుండె. మల్లా పాడమన్నా.” ఇదే జవాబు. మొహం చూసినా తెలియదు.

రిటైరయ్యాక నాకు వేరే పనేముంది? ఆ పాట ఫోన్లో వేయించుకుని రోజూ విన్నాను. మేడంకు ఇచ్చిన మాట నిలబెట్టుకుంటున్నాననే అనుకున్నాను. ఇక్కడే నేను మోసపోయాను. సీడీ వినేకొద్దీ సీడీయే లోపల కూర్చుంది. ఒకరోజు కళ్ళు మూసుకుని ఆ రెండోసారిని తలుచుకుందామంటే, నిచ్చెనెక్కిన ఆ పెద్ద గొంతే వస్తోంది. ముసలాయన ఊపిరి రావడం లేదు. ఎంత వెతికినా రాలేదు. ఆ రోజు మేడం చనిపోయిన రోజుకన్నా ఎక్కువ ఏడ్చాను. వినడం మానేశాను. మానేసినా రాలేదు.

మొన్న గుడియాత్తం పోయాను. బావ ఇప్పుడు సెట్టు కట్టడం లేదు. పాత హారన్ స్పీకర్లు షెడ్డులో బోర్లించి, వాటి మధ్య మంచం వేసుకుని పడుకుంటాడు. అక్క కాఫీ ఇచ్చింది. ఏం తోచిందో, ఫోన్ తీసి పడవ పాట పెట్టాను. బావ గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు. ఆ మాట వచ్చింది. గొంతు పైకెక్కి నిలబడింది. బావ చెయ్యెత్తాడు.

“వన్స్ మోర్” అన్నాడు. అరుపు లేదు, మామూలుగానే.

వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాను. బావ కొంచెం విని, కళ్ళు తెరిచి, తల అడ్డంగా ఊపాడు.

“ఇది కాదప్పా. ఇది మొదటిది.”